చివరి నెత్తుటి చుక్క దగ్గర

క్యాంపు, లెహ్తో కార్నర్ దాటాక అడవిలో,
ఎగువ మిషిగన్.
14 అక్టోబరు 1974

డెట్రాయిట్ మహాపట్టణంలో కార్లకు తలుపులు బిగించి లోకాన్ని ఉద్ధరిస్తున్న మా బాబాయ్ ఒన్ని కంగాస్ గారి సముఖానికి, అదే వంశంలో పుట్టిన నిరుద్యోగి రైమో వినయంగా విన్నవించుకునేది:

నాలుగేళ్లు యూనివర్సిటీలో చరిత్ర చదివి, ఇతరులు ఎవరెవర్ని ఎలా చంపారో కంఠతా పట్టిన నేను, ఇక స్వయంగా ఒక జింకను చంపాలని నిశ్చయించుకున్నాను. నవ్వకు. నాన్న ఉన్నన్నాళ్లూ ఒక్క నవంబరు వేటకు కూడా ఆయన వెంట ఈ అడవికి రాలేదు. ఆయనా రమ్మని బలవంతపెట్టలేదు. మార్చిలో ఆయన పోయాక అమ్మ అక్కతో మిల్వాకీ వెళ్లిపోయింది. నాకు నాన్న రైఫిలూ, వేటకాలంలో మీరంతా దిగే ఈ క్యాంపు గది తాళంచెవీ మిగిలాయి. రెండూ తుప్పుపట్టి ఉన్నాయి, నాలాగే.

నిన్న శిక్షణ ప్రారంభమైంది. కాగితం పళ్ళెం ఒకటి చెట్టుకు కట్టి కాల్చాను. పళ్ళెం క్షేమం. పక్కనున్న బర్చి చెట్టు పరిస్థితి మాత్రం చెప్పలేను. ఉత్తరాలు పంచే రూడీ కారు ఆపి మరీ చూశాడు. "ఏరా అబ్బాయ్, ఆ చెట్టు నీకేం అపకారం చేసిందిరా?" అన్నాడు. నా కుడి భుజం ఇప్పుడు వంకాయ రంగులో ఉంది.

అసలు విషయానికి వస్తాను. నవంబరు పదిహేను పొద్దున వేట మొదలవుతుంది కదా. ఆ పొద్దున ఈ క్యాంపులో ఇద్దరు ఉండాలి. ఒకణ్ణి నేను. రెండోవాడు ఎవరో నీకు తెలుసు. టోయివో పెదనాన్న తుంటి విరగ్గొట్టుకుని ఇంట్లో పడున్నాడు, ఆయన్ను లెక్కలోంచి తీసెయ్.

ఇట్లు,
బర్చి చెట్ల పాలిటి యముడు,
రైమో

*

డెట్రాయిట్
21 అక్టోబరు

రైమో,

ఉత్తరం అందింది. సగం అర్థమైంది.

రైఫిల్ భుజానికి గట్టిగా ఆనించి పట్టుకో. వదులుగా పడితేనే కమిలేది. కాల్చేముందు సగం ఊపిరి వదిలి ఆపు. బట్టలు సబ్బుతో ఉతక్కు. దేవదారు మండల మధ్య ఆరేసి ఉంచు. గాలి నీ ముఖాన కొట్టే వైపే కూర్చో. కూర్చున్నాక కదలకు. దగ్గొస్తే మింగు. పుస్తకం తీసుకెళ్లకు.

పొయ్యి పక్కన కింది మంచం నాది. నేనే చేసుకున్నాను. నువ్వు మీ నాన్న మంచం మీద పడుకో.

సెలవు సంగతి ఫోర్‌మన్‌ని అడగాలి. ఆశ పెట్టుకోకు. పొయ్యి గొట్టం దులుపు, లేకపోతే నిద్రలోనే పోతావు.

ఒన్ని

*

క్యాంపు
5 నవంబరు

సబ్బుకు బద్ధశత్రువైన మా గురువుగారికి,

తమరి ఆజ్ఞలు అక్షరాలా పాటిస్తున్నాను. ఫలితంగా నేనిప్పుడు దేవదారు చెట్టులాగా, కొద్దిగా తడిసిన కుక్కలాగా వాసనేస్తున్నాను. మొన్న సరుకుల కోసం ఊళ్లోకి వెళ్తే టోయివో భార్య ఐలి పెద్దమ్మ తలుపు తియ్యలేదు. కిటికీ ఓరగా తెరిచి, "ఏం నాయనా, బావున్నావా? అక్కడే ఉండి చెప్పు" అంది. మాంసం కూరి కాల్చిన పాస్టీలు మూటగట్టి కిటికీలోంచే అందించింది. జింకలకు నా వాసన తెలియదు కానీ మనుషులకు మాత్రం ఊరవతల నుంచే తెలిసిపోతోంది.

కట్టెలు కొట్టాను. గొట్టం దులిపాను. రోజూ పొద్దున్నే చిత్తడి నేల పక్కన మొద్దు మీద కూర్చుని కదలకుండా ఉండటం నేర్చుకుంటున్నాను. ఎంత కష్టమో నీకు తెలుసు. మొదట ముక్కు దురద పెడుతుంది. అది తగ్గాక చిన్నప్పటి సంగతులన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి ఎదురుగా నిలబడతాయి. వాటిమీదికి రైఫిల్ ఎత్తి లాభం లేదు.

పగలంతా నోరు తెరవాల్సిన పనే లేదు బాబాయ్. నిన్న సాయంత్రం పొయ్యితో ఏదో అనబోతే గొంతు పెగల్లేదు. దగ్గి, సవరించుకుని, మళ్లీ మొదలుపెట్టాను. పొయ్యి ఏమీ అనుకోలేదు.

ఏకాకినని జాలిపడకు. సలో గారని ఒక పెద్దమనిషి మన క్యాంపులో మకాం పెట్టారు. ఘనమైన మీసాలు. తెల్లటి పొట్ట. మాటా పలుకూ లేదు గానీ రాత్రంతా ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటారు. బ్రెడ్డులో సగం వారిదే. పొయ్యి పక్కన కింది మంచం చూసిన క్షణమే ఎంచుకున్నారు. నీ ఊలు దుప్పటిలో ఒక మూల తమ పరుపు కోసం వాడుకున్నారు కూడా. నేను అభ్యంతరం చెప్పాను. వారు నావైపు ఒకసారి చూసి మళ్లీ పడుకున్నారు.

సెలవు దొరికిందా?

ఇట్లు,
మొద్దు మీద మొద్దు,
రైమో

*

డెట్రాయిట్
9 నవంబరు

రైమో,

నీకు తోడు దొరికినందుకు సంతోషం. నేర్చుకునేవాడికి పక్కన ఒకరు చాలు, ఇద్దరుంటే గొడవ. ఆయన పెద్దవాడైతే చెప్పినట్టు విను.

దుప్పటి మా అమ్మ నేసింది. సరేలే.

తూటాలు తడవనీకు.

ఒన్ని

*

క్యాంపు
16 నవంబరు

హాస్యచక్రవర్తి ఒన్ని కంగాస్ గారికి,

బాబాయ్, నీలో ఇంత చమత్కారం ఉందని నాకు తెలియదు! "ఆయన పెద్దవాడైతే చెప్పినట్టు విను" అన్న వాక్యాన్ని సలో గారికి చదివి వినిపించాను. వారు మీసాలు కదిలించారు. ముఖం మీద చిరునవ్వు లేకుండా ఎలా రాశావో గానీ, పొయ్యి ముందు కూర్చుని ఒక్కణ్ణే పకపకా నవ్వాను. చాలా రోజులైంది అలా నవ్వి.

నిన్నటి వేట వార్తలు. తెల్లవారేసరికి మొద్దు మీద ఉన్నాను. ముందురోజు రాత్రి నువ్వు వస్తావేమోనని చాలా పొద్దుపోయేదాకా దారివైపు చెవి పెట్టి ఉంచినందువల్ల సరిగ్గా నిద్రలేదు. దూరంగా ఎవరివో క్యాంపుల నుంచి తుపాకీ మోతలు. అందరికీ అన్నదమ్ములూ బావమరుదులూ ఉన్నట్టున్నారు. చలికి కాలివేళ్లు ఉన్నాయో లేదో తెలియని సమయంలో కొమ్ముల జింక వచ్చింది. నడవలేదు బాబాయ్, ఉన్నట్టుండి అక్కడ ఉంది. అంతకుముందు అక్కడ ఒక పొద ఉండేది. నా చేతులు పొయ్యి మీది మూతలా అదిరాయి. సగం ఊపిరి వదలమన్నావు. నా దగ్గర అసలు ఊపిరే లేదు. కాల్చాను. ఒక కొమ్మ మీది మంచు నిదానంగా రాలింది. జింక నన్ను ఒకసారి చూసి, తన దారిన తాను వెళ్లింది.

మన క్యాంపు ఆచారం నాకూ తెలుసు. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ సంవత్సరం రాసి, గోడకు కొట్టాలి. సాయంత్రం కోర్టు కూర్చుంది. జడ్జి నేను. ముద్దాయి నేను. ప్లీడరు కూడా నేనే. మొత్తం మీద వాదన బలహీనంగా సాగింది. సలో గారు మంచం మీద నుంచి సాక్ష్యం పలికారు. నేరం రుజువైంది. చేయి వెనక్కి పెట్టి నా చొక్కా నేనే కత్తిరించుకున్నాను. అంచు వంకరగా వచ్చింది, లోపలి బనీను కూడా కొంత తెగింది. నాన్న చొక్కా ముక్క పక్కన మేకు కొట్టాను.

అందరూ ఉంటే ఆ సమయంలో ఎంత నవ్వుతారో ఊహించగలను. నువ్వూ ఊహించు.

ఇట్లు,
శిక్షపడిన
రైమో
సలో గారు నీకు నమస్కారాలు చెప్పమన్నారు.

*

డెట్రాయిట్
19 నవంబరు

రైమో,

నేను తమాషాకి ఏమీ రాయలేదు. నాకు రాయడం రాదు.

ఎవడా సలో? ఎవరి తాలూకు? ఆ గోడ ముందు కోర్టు పెట్టడానికి ఆయనెవరు? ఆ గోడ మీద మీ నాన్నది ఉంది, నాది ఉంది, టోయివోవి మూడున్నాయి. మా క్యాంపులో తప్పినవాడు తన చొక్కా తానే కత్తిరించుకోవడం ఎప్పుడూ లేదు. నాది మీ నాన్న కత్తిరించాడు. ఆయనది నేను కత్తిరించాను. పక్కన మనిషిని పెట్టుకుని నువ్వే కోసుకున్నావంటే ఆ మనిషి దేనికి?

నాకు పద్నాలుగు నుంచి వారం సెలవు ఇచ్చారు. మంచంలో ఇంకొకరున్నారని రాశావు కదా, తిరిగి ఇచ్చేశాను. దుప్పటి ఆయన్నే ఉంచుకోమను.

ఒక్కటి చెప్పాలి. తగిలితే వెంటనే పరిగెత్తకు. ఒక పైపు పొగాకు కాలేంతసేపు కూర్చో. నెత్తురు లేత ఎరుపు అయితే దగ్గరే ఉంటుంది. ముదురు రంగయితే పొట్టకి తగిలింది, మధ్యాహ్నం దాకా వెళ్లకు, తరిమితే ఆగదు. జాడ తీయడం ఒకడి పని కాదు. చివరి నెత్తుటి చుక్క దగ్గర ఒకడు కదలకుండా నిలబడాలి, రెండోవాడు ముందుకెళ్లి తర్వాతి చుక్క వెతకాలి. లేకపోతే దిక్కు తప్పుతుంది. ఎప్పుడూ నిలబడేది నేను, నడిచేది మీ నాన్న. ఆ సలో గారిని నిలబడమను.

ఒన్ని

*

క్యాంపు
22 నవంబరు

బాబాయ్,

నీ ఉత్తరం ఇందాకే రూడీ ఇచ్చాడు. ఇది జోకులు లేకుండా రాస్తున్నాను, అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకో.

సలో అంటే ఎలుక. చిట్టెలుక. నీ మంచం కింద గూడు పెట్టుకుంది. ఈ క్యాంపులో నేను తప్ప మనిషి లేడు. పోయిన నెల నుంచీ లేడు. ఎవరో ఒకరు ఉన్నట్టు రాస్తే రాస్తున్నంతసేపూ ఉన్నట్టే ఉండేది. నువ్వు నమ్ముతావని అనుకోలేదు.

నువ్వు సెలవు తీసుకున్నావని తెలిసి ఉంటే.

నిన్న నాకు జింక తగిలింది. మొన్నటి దానికంటే చిన్నది, రెండే కొమ్ములు. ఈసారి చేతులు వణకలేదు, అదే నాకు భయమేసింది. తగలగానే వీపు గూనిలా వంచి దేవదార్లలోకి పోయింది. నేను లేచి పరిగెత్తాను. కూర్చోవాలని నాకు తెలియదు. నీ ఉత్తరం అప్పటికి ఇంకా రూడీ కారులో ఉంది. మంచు మీద నెత్తురు ముదురుగా ఉంది. ఒకచోట అది పడుకున్న గుంట కనబడింది, ఇంకా వెచ్చగా ఆవిరి వస్తోంది. నేను వస్తున్న చప్పుడుకే లేచి పోయిందన్న మాట. నేనే లేపాను.

ఆ తర్వాత చుక్కలు దూరం దూరం అయ్యాయి. చివరి చుక్క దగ్గర నిలబడటానికి ఎవరూ లేరు కాబట్టి నా ఎర్ర టోపీ తీసి అక్కడి దేవదారు కొమ్మకు తగిలించాను. కొంత దూరం వెళ్లడం, ఏమీ కనబడక వెనక్కి చూసి టోపీని వెతుక్కోవడం, మళ్లీ వెళ్లడం. నేలంతా నా అడుగులతోనే తొక్కి పాడుచేశాను. చీకటి పడింది. ఎక్కడో అది పడుకుని ఉంది బాబాయ్, బతికి. ఇవాళ కూడా పొద్దున నుంచీ వెతికాను. దొరకలేదు.

టోపీ అక్కడే ఉంచాను. ముప్పయ్యో తారీఖు దాకా వేట ఉంది. థాంక్స్‌గివింగ్‌కి మీ ఫ్యాక్టరీ మూస్తారు కదా. రా. నువ్వు పెద్దవాడివి, తెలిసినవాడివి. నువ్వు ముందు నడువు, నేను నిలబడతాను. కదలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను, నిలబడటం కూడా వచ్చు.

రైమో

*

టోయివో పెదనాన్న ఇల్లు, లెహ్తో కార్నర్
1 డిసెంబరు

బాబాయ్,

పండగనాడు ఐలి పెద్దమ్మ రూడీని పంపి నన్ను క్యాంపు నుంచి లాక్కొచ్చింది. ముందు ఆవిరి స్నానాల సౌనాలోకి తోసి తలుపేసింది. మర్యాదగల వాసన వచ్చేదాకా బయటికి రానివ్వలేదు. ఆ మర్నాడూ, దాని మర్నాడూ కొట్టు దగ్గరి ఫోన్ నుంచి నీకు చేశాను. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. కొట్టువాడు నా ముఖం చూసి, "ఇంకోసారి చెయ్యి బాబూ, స్నానం చేస్తున్నారేమో" అన్నాడు. అంతసేపు స్నానం చేసే మనిషి మన వంశంలో లేడని చెప్పాను.

ఎత్తకపోవడం కూడా జవాబే. అర్థమైంది. రాలేనని ఒక్క ముక్క రాసినా సరిపోయేది.

నిన్నటితో వేట అయిపోయింది. రైఫిల్ క్యాంపు గోడకే ఉంది. ఇక అక్కడికి వెళ్లను. టోయివో పెదనాన్న, "మొదటి ఏడు అందరూ ఇలాగే ఏడుస్తార్రా, నేనైతే మూడేళ్లు ఏడ్చాను" అంటున్నాడు. నేను ఏడవలేదని చెప్పాను. ఆయన చేతిరుమాలు ఇచ్చాడు.

మిల్వాకీలో ఏదో స్కూల్లో పని ఉందని అక్క రాసింది. వెళ్తాను.

రైమో

*

డెట్రాయిట్
2 డిసెంబరు

రైమో,

నేను వచ్చాను.

నీ ఉత్తరం పండగ ముందు అందింది. శుక్రవారం బయల్దేరితే దారిలో సరస్సు దాటే పెద్ద వంతెన మీద గాలి ఎక్కువగా ఉందని చాలాసేపు ఆపేశారు. టోయివో ఇంటి దగ్గర ఆగితే ఎందుకొచ్చావని అడుగుతారని ఆగలేదు. శనివారం మధ్యాహ్నానికి క్యాంపు చేరాను. పిలిస్తే నువ్వు పలకలేదు. సంచి గుమ్మంలో పెట్టి, నీ అడుగుల జాడ పట్టుకుని వెళ్లాను. టోపీ కనబడింది. అడుగులు ముందుకు వెళ్లాయి. నువ్వు ముందు ఉన్నావనుకుని టోపీ దగ్గర నిలబడ్డాను.

మా పద్ధతి అది. మీ నాన్న ముందు నుంచి "దొరికింది" అని కేకేస్తే గానీ నేను కదిలేవాణ్ణి కాదు. ఆయన కేకేసేవాడు, నేను ఆ చోటికి వెళ్లి నిలబడేవాణ్ణి. ఆయన మళ్లీ ముందుకు. అలా ఎంత దూరమైనా పోయేవాళ్లం.

కొంతసేపటికి వంగి చూశాను. అడుగుల అంచులు కరిగి మళ్లీ గడ్డకట్టి ఉన్నాయి. పాతవి. నువ్వు ముందు లేవు. తెలిసింది. అయినా నిలబడ్డాను. చీకటి పడేదాకా.

నేను ముందుకు వెళ్లి వెతకొచ్చు కదా అంటావు. నువ్వు అదే రాశావు, నన్ను ముందు నడవమని. నాకు ఎరుపు కనబడదు రైమో. పుట్టుకతోనే. ఆకు మీద నెత్తురు నాకు ఆకు రంగే. మంచు మీద అయితే బురద చుక్కలా ఉంటుంది. నీ టోపీ ఎర్రటోపీ అని నువ్వు రాస్తే తెలిసింది. ఈ సంగతి మీ నాన్నకి ఒక్కడికే తెలుసు. చిన్నప్పుడు వేటకి వెళ్లిన మొదటిరోజే కనిపెట్టాడు. టోయివో వాళ్లు నవ్వుతారని, "మా ఒన్ని నిలబడ్డంత గట్టిగా ఇంకెవడూ నిలబడలేడు" అని అందరికీ చెప్పాడు. ఇన్నేళ్లూ అదే చెప్పాడు. నేనూ అలాగే గట్టిగా నిలబడ్డాను.

ఆయన పోయాక నేను ఎవరి కోసం నిలబడాలి? నువ్వు నేర్పమని రాశావు. వస్తే నన్ను ముందు నడవమంటావని తెలుసు. పెద్దవాణ్ణి కదా. అందుకే సెలవు తీసుకుని కూడా, మంచంలో ఇంకొకరున్నారని నువ్వు రాయగానే వెనక్కి ఇచ్చేశాను. కోపం కొంత. బతికిపోయానని కొంత.

చీకట్లో క్యాంపుకి వచ్చి చూస్తే రైఫిల్ మేకుకే ఉంది. నువ్వు అడవిలో లేవని నిమ్మళించాను. నా మంచం మీద పడుకున్నాను. నీ సలో బయటికి వచ్చి చూసి పోయాడు. ఆదివారం పొద్దెక్కేదాకా చూసి బయల్దేరాను, సోమవారం పని ఉంది.

నీ చొక్కా ముక్క చూశాను. చాలా వంకరగా కోశావు.

ఒన్ని

*

క్యాంపు
7 డిసెంబరు

బాబాయ్,

నీ ఉత్తరం ఐలి పెద్దమ్మ వంటింట్లో చదివాను. చదవగానే లేచి, ఉన్నవాటిలో మందపాటి కోటు వేసుకున్నాను. "ఎక్కడికిరా, కూర చల్లారిపోతుంది" అంది. రోడ్డు మీద రూడీ కారు ఆపాడు. ఎక్కాను.

మధ్యలో ఒకసారి మంచు కురిసింది. కానీ నువ్వు నిలబడ్డ చోటు తెలుస్తూనే ఉంది. నీ బూట్లు అక్కడ ఎంతసేపు తొక్కాయో గానీ అది పళ్ళెంలా గుంటపడి ఉంది, కొత్త మంచు కింద కూడా. దాని అంచున నిలబడి చూశాను. ఇన్నాళ్లూ నేను టోపీ దగ్గరికి వచ్చి నిలబడలేదు. వెనక్కి తిరిగి, అది ఉందో లేదో చూసుకుని మళ్లీ పరిగెత్తేవాణ్ణి. నువ్వు నిలబడ్డవైపు నుంచి చూస్తే పడిపోయిన దేవదారు ఒకటి కనబడుతుంది, కొమ్మల కింద చీకటిగా. గాయపడ్డది ఏదైనా అటే పోతుంది. నేనైనా అటే పోతాను.

అక్కడే ఉంది. నక్కలూ బొంత కాకులూ తినగా మిగిలింది. రెండు చిన్న కొమ్ములు. కింద నేల మీద అది కాళ్లు కొట్టుకున్న గీతలు లేవు, మెదలకుండా పడుకుని పోయినట్టుంది. అలా అనుకుంటున్నాను. మాంసం అంతా వృథా చేశాను. దానిమీద నా దగ్గర జోకు లేదు.

మిల్వాకీ వెళ్లనని అక్కకు రాశాను. టోయివో పెదనాన్న ఊళ్లో స్కూలుకు పొయ్యి రాజేసే మనిషి కావాలట. పొయ్యిలతో మాట్లాడిన అనుభవం ఉందని చెప్పి ఒప్పుకున్నాను.

ఎరుపు చూసే కళ్లు నాకున్నాయి. మిగతాదేదీ సరిగ్గా రాదు గానీ అది ఉంది. వచ్చే నవంబరులో ముందు నేను నడుస్తాను. టోయివో వాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలుసు, ఆ మాట నాన్న ఎన్నోసార్లు అంటుండగా విన్నాను.

ఇవాళ ఆ పడిపోయిన చెట్టు దగ్గర నిలబడి వెనక్కి తిరిగాను. నువ్వు నిలబడ్డ చోట ఎవరూ లేరు. అయినా నోటి దగ్గర చేతులు పెట్టుకుని నాన్నలాగా గట్టిగా కేకేశాను. చాలాసేపు ఆ మాట చెట్లలో తిరిగింది. డెట్రాయిట్ దాకా వచ్చి ఉండదు, అందుకే రాస్తున్నాను.

దొరికింది బాబాయ్. ఇక కదులు.

రైమో